దేవుళ్లు తాత డైలమా

“అలాగని కాదే మనవరాలా. పేరెట్టమనడానికి నోరు పెగలదు, ఒద్దనడానికి మనసొప్పదు. ఏటి రాయమంటాను?”

దేవుళ్లు మాటకూ మాటకూ మధ్య ఒక చుట్ట వెలిగించుకునేంత తీరిక తీసుకుంటాడు. రోజారమణి ఫోన్ మీద వేళ్లు పెట్టుకుని అలాగే కూర్చుంది. పాయకరావుపేటలో అత్తవారింట ఉన్న అన్నయ్య ధర్మతేజకు తాత మాటగా మెసేజ్ పంపాలి. రేపు పొద్దున్నే వాళ్ల పాపకు బారసాల. పోయినేడు చనిపోయిన మామ్మ పేరు పెట్టుకుంటామని అడిగారు. తాత సరేనంటేనే పెడతారు.

“దీన్ని ఇంగ్లీషులో డైలమా అంటారు తాతా.”

“పొద్దుటి నుంచీ నాను పడుతున్నదానికి పేరు కూడా ఉందేటి? మీ నాన్న సొక్కా కొంటానని నర్సీపట్నం బజారంతా తిరిగి ఉత్త సేతుల్తో ఒచ్చేస్తాడు. అదీ ఇదేనా?”

“అది నాన్న బుద్ధి. అన్నిటికీ వాడకూడదు. ఉన్నవి రెండే దార్లవ్వాల. ఎటెళ్లినా నొప్పుండాల. అప్పుడే డైలమా.”

దేవుళ్లు ఆ మాటను కాసేపు నమిలాడు. తనకు సరిగ్గా సరిపోయింది. వద్దంటే ఆవిడ పేరు ఆవిడతోనే పోతుంది. పెట్టమంటే, కాపురం చేసినన్నాళ్లూ “ఇదిగో”, “ఏమే” అనడమే తప్ప ఒక్కసారైనా నోటితో అనని పేరును, పిల్లను ఒళ్లో వేసుకుని రోజంతా పిలవాలి. తలుచుకుంటేనే చెవులు వేడెక్కాయి.

“పోనీ, ఇంట్లో ముద్దుపేరు పెట్టి పిలుద్దాం,” అంది రోజారమణి.

“అప్పుడు అసలు పేరు రేషన్ కార్డులో పడుంటాది. మీ మామ్మకి అలాగే పడుంది కదే. పిలిసినోళ్లు లేరు.”

అనేశాక, పిలవవలసినవాడు ఎవరో గుర్తొచ్చింది. “ఎట్టమని రాయి,” అన్నాడు.

“ఏ పేరని?”

“నీకు తెలీదేటి?”

“తెలుసు. నువ్వు సెబితేనే రాస్తాను.”

వీధిలోంచి బస్సొకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆగి, కొత్త పెళ్లికొడుకులా తల వంచుకుని, “సింహాద్రమ్మ,” అన్నాడు. ఎవరూ అడక్కుండానే ఇంకోసారి అన్నాడు.

రోజారమణి నవ్వాపుకుంటూ రాసింది. “ఇంకేటి రాయను?”

“పిల్లని ఇక్కడికి తెచ్చేసరికి అలవాటు సేసుకుంటానని రాయి. ఇదంతా మీ అన్నయ్యకి కాదు. పాప లేసాక, దానికి సదివి ఇనిపించమను. బేగి బేగి సదివేయొద్దను, నిదానంగా సదవమను.”