యాభై గ్రాముల దూది

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పెద్దమ్మ అంటుంది. ఆ ముక్కుకే తడిగుడ్డ కట్టుకుని చేసే పని నాది. పాత దిండ్లు, పరుపులు విప్పి, గట్టిపడిన దూదిని విల్లుతో ఏకి, మళ్లీ నింపి కుట్టి ఇస్తాం. గుడ్డ కట్టుకునేది దుమ్ముకి భయపడి కాదు. మనిషి తల పెట్టుకున్న దూదిలోకి కలలు దిగుతాయి. విల్లు తగలగానే అవి పైకి లేస్తాయి, పీల్చినవాళ్ల కళ్ల ముందు ఆడి మళ్లీ దూదిలోకే దిగుతాయి; ఆ దూది మీద పడుకున్నవాళ్లకి నిద్రలో కనిపిస్తాయి. అందుకే పెద్దమ్మ షాపులో రెండు నియమాలు. ఎవరి కల వాళ్లదే, మనం చూడకూడదు. ఎంత తూకం వచ్చిందో అంతే తిరిగి పోవాలి.

మాకు ఎదురుగా గడియారాలు బాగుచేసే షాపు. అక్కడ తండ్రి పక్కన కూర్చుని పనిచేసే అమ్మాయికి సెకండ్ల ముల్లు అని పేరు పెట్టాను, ఒక్కచోట నిలవదు కాబట్టి. తను నన్ను దూదిపింజ అంటుంది. ఇద్దరికీ పద్దెనిమిది నిండాయి. ఒక మధ్యాహ్నం నన్ను మా మెట్ల మీద కూర్చోబెట్టి, గడియారాల పట్టకారుతో నా జుట్టులో చిక్కుకున్న దూదిని ఒక్కో పోగూ గంటసేపు తీసింది. మధ్యమధ్యలో నా మొహం వంక అదోలా చూసింది. ఆ గంటలో నేను ఊపిరి పీల్చానో లేదో గుర్తు లేదు.  నాకు తను కావాలి. నా ఒక్కదానికే కావాలి.

అలాంటిది, తన దిండు మా షాపుకి వస్తే ఊరుకుంటానా? పెద్దమ్మ దారం కొనడానికి బజారుకి వెళ్లిన సమయం చూసి, ముక్కుకి కట్టిన గుడ్డ విప్పేసి విల్లు అందుకున్నాను.

మొదటి పింజలోనే ఒక పిల్ల. సైకిలు మీద వస్తోంది, హ్యాండిల్ వదిలేసి, రెండు చేతులూ గాల్లో పెట్టి నవ్వుతూ. గడ్డం మీద చిన్న గాటు. కలలో నా ముల్లు ఆ పిల్లకేసి చూస్తోంది. మెట్ల మీద నాకు మాత్రమే దక్కిందని నేను మురిసిపోయిన చూపే అది. రెండో పింజలో అదే పిల్ల, మూడో దాంట్లోనూ అదే. ఎక్కడ చూసినా సైకిలే. నేను ఎక్కడా లేను. ఒక్క పింజలో మాత్రం మా షాపు బోర్డు కనిపించింది, అదీ సగమే.

కడుపులో మంట కాదు, పొయ్యే రాజుకుంది. ఆ పిల్ల ఉన్న దూదంతా ఏరి పాత బిస్కెట్ల డబ్బాలో కుక్కాను. తగలబెడదామని అగ్గిపెట్టె కూడా తీశాను. దూది షాపులో అగ్గిపుల్ల గీసేంత మతి పోలేదు కాబట్టి ఆగాను. మిగిలింది తూకం వేస్తే యాభై గ్రాములు తక్కువ. పెద్దమ్మ ఐదు గ్రాముల తేడా కూడా ఒప్పుకోదు. మేడ మీదకి పరిగెత్తి, నా దిండు చింపి, సరిగ్గా యాభై గ్రాములు తెచ్చి కలిపేశాను. బుద్ధెరిగినప్పటి నుంచి ఈ పనిలో ఉన్నదాన్ని. నా దూదిలో నా కలలు ఉంటాయన్న సంగతి ఆ కుళ్లులో గుర్తుకే రాలేదు.

దిండు కుట్టి ఇచ్చేశాక నాలుగు రోజులు సుఖంగా గడిచాయి. ఐదో రోజు పెద్దమ్మ భోజనానికి లోపలికి వెళ్లాక, ముల్లు దిండు చంకన పెట్టుకుని వచ్చింది. తను అంతసేపు కదలకుండా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. ఈమధ్య కలల్లో తనకి తనే కనిపిస్తోందట. ఎదురు షాపులోంచి ఎవరో తనని కన్నార్పకుండా చూస్తున్నారట. గడియారం పట్టుకుని వచ్చిన ప్రతి కస్టమరునీ ఆ చూసేవాళ్లు మెడపట్టి లాక్కెళ్లి బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారట. మొన్న వాళ్ల నాన్నని కూడా పెట్టేశారట.  నా కలలు నాకు తెలియవా?

"నా మెడ వెనక పుట్టుమచ్చ ఉందని నాకే తెలీదే," అంది. "కలలో చూసి, రెండద్దాలు పెట్టుకుని వెతుక్కున్నా. ఉంది. నా మెడని అంతగా ఎవరు చూస్తారు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను ముక్కు మీది గుడ్డ సర్దుకున్నాను.

"నువ్వు నా గురించి కలలు కంటావని తెలిసి మొదటిరోజు ఎగిరి గంతేశా," అంది. "తర్వాత చూస్తే నా సైకిలు పిల్ల లేదు. ఏది?"

ముందు ఆ పిల్ల ఎవరో చెప్పమన్నాను, అదీ గొంతు పెంచి. దొంగతనం చేసిందీ నేనే, దబాయించిందీ నేనే. తను ఓపిగ్గానే చెప్పింది. పాత వీధిలో పక్కింటి పిల్ల. రెండేళ్లు ఒకరినొకరు ప్రేమించుకున్నారు. తర్వాత ఆ ఇంటివాళ్లు ఊరు మారిపోయారు. మూడు ఉత్తరాలు వచ్చాయి, నాలుగోది రాలేదు. ఫొటో కూడా లేదు. ఆ మొహం మిగిలింది ఈ దిండులోనే.

చుట్టాలమ్మాయి అంటుందేమోనని ఆశపడ్డాను. స్నేహితురాలు అన్నా సరిపెట్టుకునేదాన్ని. ప్రేమించానని మొహం మీదే చెప్పింది. ఏకులా వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే.

"ఇంకా ఆ పిల్లే కావాలా నీకు?" అని అడిగాను.

"అక్కర్లేదు. కానీ మర్చిపోవాలంటే నేను మర్చిపోతా. నువ్వు తీసేస్తే అది దొంగతనం. ఇవాళ ఇవ్వకపోతే మళ్లీ ఈ మెట్లెక్కను."

తను అన్నంత పనీ చేస్తుంది. డబ్బా తెచ్చి, ముక్కుకి గుడ్డ గట్టిగా బిగించి, విల్లు అందుకున్నాను. నా శత్రువుని నా చేతులతోనే, ఒక్క ఉండ కూడా లేకుండా మెత్తగా ఏకాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటికి గుడ్డ కట్టే పద్ధతి మా షాపులో లేదు. దిండులోకి ఆ పిల్లని నింపి, నా దూది వెనక్కి తీయబోతుంటే ముల్లు నా మణికట్టు పట్టుకుంది.

"అది ఉండనీ," అంది. "నేను నీ కంటికి ఎలా ఉంటానో ఇంకెక్కడ చూసుకోను?"

పట్టుకున్న చేయి వదల్లేదు. నేనూ లాక్కోలేదు.

ఇంతలో పెద్దమ్మ వచ్చి, మా చేతుల్ని ఒకసారి చూసి, అలవాటుగా దిండుని కాటా మీద పెట్టింది. యాభై గ్రాములు ఎక్కువ. ముప్పై ఏళ్లలో దూది తగ్గిందని పోట్లాడినవాళ్లనే చూశానని, ఎక్కువైన దిండు ఇదే మొదటిదని, ఆ ఎక్కువ ఎవరిదని నన్ను నిలదీసింది.

"నాదేనండి," అంది ముల్లు.

మర్నాడు పొద్దున్నే వచ్చింది. కలలో నేను సైకిలు పిల్లని బీరువాలో పెట్టబోయానట. సైకిలు అడ్డొచ్చి తలుపు పడలేదట. చివరికి నేనే జాలిపడి వదిలేశానట. మొదటి రెండూ నమ్మాను. చివరిది పచ్చి అబద్ధం. నేను అంత మంచిదాన్ని కాను, ఇప్పటికీ వీధిలో సైకిలు బెల్లు వినిపిస్తే నా ఒళ్లు మండుతుంది. ఆ మాటే తనతో అన్నాను.

"తెలుసులే," అంది. జేబులోంచి పట్టకారు తీసి నన్ను మెట్ల మీద కూర్చోబెట్టింది.