అమ్మా, నేను కులాసా

ఈ పుస్తకంలోది కవిత్వమేనా, కవిత్వమంటే జెండా, కత్తి, వీరమాత కన్నీళ్లు కదా, మా పాఠంలో అంతే, ఇందులో పేలున్నాయి, మూడు రోజులుగా విప్పని తడి మేజోళ్లున్నాయి, రాసినవాడు సిపాయి, పంతొమ్మిదేళ్లట, మా అన్నయ్య కన్నా ఒక్క ఏడు చిన్న, లైబ్రరీ మాస్టారు తాళంచెవులు ఆడిస్తున్నారు, బెల్లయి ఎంతసేపయిందమ్మా, ఇంటికి పోవా, ఒక్క పేజీ సార్, ఒక్కటంటే ఒక్కటే, ఆ పేజీలో వాడు ఇంటికి ఉత్తరం రాస్తున్నాడు, వణికే కుడిచేతిని ఎడంచేత్తో అదిమిపట్టి, అమ్మా, నేను కులాసా అని, ఆ మాట నాకు కంఠతా వచ్చు, సరిహద్దు నుంచి అన్నయ్య రాసిన పదకొండు ఉత్తరాల్లోనూ అదే, నేను కులాసా, తిండి బాగుంది, చెల్లి చదువుతోందా, అమ్మకు చదువు రాదు, అన్నీ నేనే చదివి పెట్టాను, గొంతు పెంచి, వార్తలు చదివినట్టు, చూశావా అమ్మా, వాడికేం, దర్జాగా ఉన్నాడు అని కూడా అన్నాను, ఛీ.

గుమ్మంలోనే అమ్మ, కుట్టుమిషను వదిలేసి, మెడలో టేపుతో, ఎంతసేపే, అన్నయ్య ఉత్తరం వచ్చింది, చదువు, కవరు చింపాను, అవే అక్షరాలు, కాకపోతే ఇవాళ లైను చివరలు కిందికి జారుతున్నాయి, ఇంతకుముందూ జారేవా, నేనే చూడలేదా, అమ్మా, నేను, అని ఆ లైను చివరే చూస్తున్నాను, ఆగావేం, కులాసా అనేగా, అంది అమ్మ, నీకెలా తెలుసు, తెలీకేం, జ్వరంతో కాలిపోతున్నా బాగానే ఉన్నానమ్మా అనేవాడు, అబద్ధమాడాక వెంటనే మాట మార్చడం వాడికి అలవాటు, చెల్లి చదువుతోందా అని రాశాడా, రాశాడు, చూశావా మరి, మరి నేను చదివినప్పుడల్లా నవ్వేదానివి కదమ్మా, నువ్వంత హుషారుగా చదువుతుంటే నీ ముందు ఏడవమంటావా, అని అమ్మ టేపును వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్లీ చుట్టుకుంటోంది, నేను ఇన్నాళ్లూ అమ్మకు ధైర్యం చెబుతున్నాననుకున్నాను, వాడు అక్కడి నుంచి, ఈవిడ ఇక్కడి నుంచి, ఇద్దరూ కలిసి ఆ యుద్ధాన్ని దాచిపెట్టింది నా ఒక్కదాని దగ్గరే.