గోడకెక్కిన చంకకర్ర

నేను ఒక చంకకర్రను. వేపదూలం కోయగా మిగిలిన ముక్కతో వడ్రంగి బ్రహ్మయ్య నన్ను ఒక్క పూటలో చేశాడు. కింద పాత సైకిల్ టైరు ముక్క కొట్టాడు, పైన చీర పేలికలు చుట్టాడు. చూడటానికి నాలో ఏమీ లేదు.

మిరపకోతకు పోతున్న ట్రాక్టరు తిరగబడి లేయమ్మ తుంటి విరిగింది. ఆసుపత్రిలో అతికారు గాని ఎడమకాలు బెత్తెడు పొట్టిదైపోయింది. ఆనాటి నుంచి ఆరేళ్లు ఆమె చంకలోనే ఉన్నాను. ఆదివారం కాలవకట్ట మీదుగా చర్చికి, మిగతా రోజుల్లో పేటలో ఎవరికి జ్వరమొచ్చినా వాళ్లింటికి ప్రార్థనకు. మోకరించలేకపోయేది కనుక నన్ను రెండు చేతులా పట్టుకుని, నా మీద గడ్డం ఆనించి ప్రార్థించేది. అందరి పేర్లూ అయ్యాక చివర్లో, తన కాలు సంగతి, "నీకు జ్ఞాపకం ఉందిగా తండ్రీ" అనేది. అంతే.

పక్కింటి సలోమికి ఆ ఓపిక నచ్చేది కాదు.

"టౌన్లో జెఫన్యా అయ్యగారు ముట్టుకుంటే లేచి నడుస్తన్నారంటక్కా. టీవీలో చూశా. ఒక్క శుక్రవారం రా" అని పోరుపెట్టి తీసుకుపోయింది.

పెద్ద రేకుల షెడ్డు. పట్టపగలే రంగురంగుల లైట్లు, చెవులు పగిలే డ్రమ్ములు. జెఫన్యా తెల్ల సూటులో ఉన్నాడు. ఆయన దగ్గరికొస్తే అత్తరు వాసన గుప్పుమంది. లేయమ్మ నొసట చెయ్యి పెట్టి మైకులో అరిచాడు: "విశ్వాసం ఉంటే కర్ర వదిలెయ్! ఉందా, లేదా?"

ఎంత దొంగ ప్రశ్నో చూడండి. వదలకపోతే ఆమెకు దేవుడి మీద నమ్మకం లేనట్టు. లేయమ్మ వదిలింది. చెరోపక్క రెక్క పట్టుకుని ఇద్దరు వాలంటీర్లు ఆమెను నాలుగడుగులు మోశారు. కెమెరా ఆమె ముఖాన్నే చూపింది, వాళ్ల చేతుల్ని చూపలేదు.

నన్ను పైకెత్తి ఊపి, వేదిక వెనక గోడకు తీగతో కట్టారు. అప్పటికే అక్కడ పదిహేడు కర్రలున్నాయి. వాటిలో ఆరు ఎవరి చంకా ఎరగనివి. కొత్త రబ్బరు వాసన కూడా పోలేదు. వాటి పక్కన వేలాడటం కన్నా పొయ్యిలో కాలడం మేలనిపించింది.

కూడిక అయ్యాక షెడ్డు మెట్ల మీద లేయమ్మ పడిపోయింది. ఆ కేక గోడ మీంచి విన్నాను.

"నీకు అనుమానం వచ్చుంటదమ్మా, అందుకే స్వస్థత వెనక్కి పోయింది" అన్నాడు వాలంటీరు, ఆమెను ఆటో ఎక్కిస్తూ. తుంటి నొప్పి చాలదన్నట్టు నేరం కూడా ఆమె నెత్తినే రుద్దారు.

ఐదు నెలలు వేలాడాను. ప్రతి శుక్రవారం జెఫన్యా నా వైపు వేలు చూపి, "ఈ కర్ర మోసిన తల్లి ఇవాళ చేలో పరుగులు పెడతంది!" అనేవాడు. జనం స్తోత్రం అనేవారు. చెదపురుగులు పట్టి తినేసినా బాగుండుననుకునేదాన్ని.

ఆరో నెలలో ఒక శుక్రవారం, ఆయన ఆ మాట అంటుండగానే లేయమ్మ లోపలికి వచ్చింది. ఒక చేత వెదురు గెడ, రెండో పక్క సలోమి భుజం. కాలీడ్చుకుంటూ వేదిక దాకా వచ్చింది.

"ఆ తల్లిని నేనేనయ్యా. నా కర్ర నాకిచ్చెయ్యి."

డ్రమ్ము ఆగింది. జెఫన్యా మైకును అరచేత్తో మూశాడు. "లోపలికి రామ్మా, మాట్లాడుకుందాం. అది దేవుడి సాక్ష్యం, తియ్యకూడదు."

"దేవుడికి దొంగసాక్ష్యం ఎందుకయ్యా?"

"నీ విశ్వాసం సన్నగిల్లింది తల్లీ."

లేయమ్మ గొంతు పెరగడం నేను వినడం అదే మొదలు. "నా విశ్వాసమా? కంటికి కనపడని మాటను నమ్ముకుని ఇన్నేళ్లు నడిచా. నడిపిస్తానన్నది ఆయన. ఈ లోకంలోనో, ఆ లోకంలోనో, ఆయనిష్టం. తేదీ పెట్టడానికి నువ్వెవరివి? కంటికి కనపడేది కావాల్సింది నీకు. అందుకే గోడకి కట్టుకున్నావు."

అంతమందిలో ఒక్కరూ కదల్లేదు. సలోమే కుర్చీ ఎక్కి, తీగ విప్పి నన్ను దించింది. మేము గుమ్మం దాటకముందే డ్రమ్ము మళ్లీ మొదలైంది, జనం మళ్లీ చప్పట్లు. నేను ఖాళీ చేసిన చోట మరుసటి వారమే ఇంకో కర్ర వేలాడిందట. అబద్ధం చెప్పినవాడి కన్నా, విని కూడా చప్పట్లు కొట్టినవాళ్లంటేనే నాకు ఎక్కువ రోత.

లేయమ్మకు ఆ రోత లేదు. ఆ సాయంత్రం ప్రార్థనలో జెఫన్యా పేరు కూడా చేర్చింది. నాకు ఒళ్లు మండింది. అయినా ఆమె గడ్డం కింద కదలకుండా నిలబడ్డాను.

తొమ్మిదేళ్లకు లేయమ్మ కన్నుమూసింది. నన్ను కూడా పెట్టెలో పెట్టమన్నారు పేటవాళ్లు. సలోమి నన్ను తెచ్చి పెట్టె అంచుకు ఆనించింది. అక్క కాళ్లవైపు కాసేపు చూసి, నన్ను వెనక్కి తీసుకుంది.

"మా అక్కకి అక్కడ ఇదెందుకు?" అంది.

మూత వేశారు. సలోమి నన్ను పట్టుకుని అందరితో పాటు ఆ పెట్టె వెంట నడిచింది.