రెండో కార్డు

ఉపవాసం ఉన్నవాళ్ళు వంటలో ఉప్పు చూడకూడదని మా అత్తగారి శాసనం. నాలిక చివర తగిలించి ఉమ్మేస్తే తప్పులేదని మసీదు గురువుగారే చెప్పినా ఆవిడ ఒప్పుకోరు. అందుకని రంజాన్ నెలంతా నేను సెరుండింగ్‌ని కంటితోనే రుచి చూస్తాను. కొబ్బరిపాలలో ఉడికిన మాంసం పోగులుగా విడిపోయి, తడంతా ఇగిరి, పొడిపొడిగా రాలేదాకా గరిటె ఆపకూడదు. ఆపితే అడుగంటుతుంది, అడుగంటితే మా కోత భారు ఊరు మొత్తానికి తెలిసిపోతుంది. ఆ మధ్యాహ్నం కుడిచేత్తో గరిటె తిప్పుతూ, ఎడంచేత్తో ఫోను పట్టుకుని, జోహోర్‌లో ఉన్న ఎవరో ఆవిడకి "తప్పకుండా అక్కా, పండగలోపు చేరుతుంది" అని రాస్తున్నాను. వసారాలో ఉల్లిపాయలు ఒలుస్తున్న మా అత్తగారు నిట్టూర్చారు.

"నిదా, ఆ ఫోను కాస్త కింద పెడితే పని త్వరగా తెములుతుంది కదమ్మా!"

"ఇదే పని, మాక్" అన్నాను. మాక్ అంటే అమ్మ.

"ఫోను చూడ్డం పనా! మా రోజుల్లో పని చేస్తే ఒళ్ళు నొప్పులొచ్చేవి."

నా మెడ నొప్పి సంగతి ఆవిడకి చెప్పలేదు.

మా డబ్బా మీద మా ఆయన బొమ్మ ఉంటుంది. నల్ల టోపీ, తెల్ల చొక్కా, మూకుడు ముందు నిలబడి చేతిలో గరిటె. ఆ గరిటె ఆయన పట్టుకున్నది ఫొటో తీసినంతసేపే. పైన ఆయన పేరుతో 'పాక్ జుల్ సెరుండింగ్' అని బంగారు రంగు అక్షరాలు. వంట మాక్ చేతి మహిమ అనీ, అమ్మకం కొడుకు ముఖంలోని కళ అనీ మా ఇంట్లో ఎప్పుడో పంపకాలు జరిగిపోయాయి. నా వాటాకి ఫోను చూడ్డం వచ్చింది. ఫోను చూడ్డమంటే, ప్రకటన రాయడం, ఫొటో తియ్యడం, ఏ ఊరివాళ్ళకి ఎప్పుడు చూపించాలో నిర్ణయించడం, అడిగినవాళ్ళకి జవాబివ్వడం, అడిగి కొననివాళ్ళని నొచ్చుకోకుండా పలకరించడం, ఆ ప్రకటనల కంపెనీకి డబ్బు సమయానికి అందేలా చూడ్డం. నేను అకౌంట్స్‌లో డిప్లొమా చదివాను. పెళ్ళికి ముందు ఆ సంగతి మాక్ చుట్టాలందరికీ చెప్పుకుని మురిసిపోయారు. పెళ్ళయ్యాక ఎవరికీ చెప్పలేదు.

ప్రకటనల ఖాతాకి రెండు కార్డులు ఇవ్వచ్చు. మొదటిది ముఖ్యమైనది. దాంట్లోంచి డబ్బు రాకపోతే, చప్పుడు చెయ్యకుండా రెండోదాన్ని అడుగుతుంది. మొదటిది అబాంగ్ కార్డు, మా ఆయన్ని నేనలాగే పిలుస్తాను. ఖాతా పెట్టిన రోజు బ్యాంకు పంపిన రహస్య అంకెలు ఆయన ఫోనుకి వస్తే, వసారాలోంచి ఒక్కొక్కటే గట్టిగా చదివి వినిపించారు, పెద్దమనిషి పందిట్లో ఆశీర్వచనం చదివినట్టు. రెండోది నాది. మా అమ్మ పోయాక రబ్బరు తోటలో నా వాటా నాకొచ్చింది. అన్నయ్య వాటాలో సగం. ఆ చెట్ల పాల డబ్బు నెలనెలా నా బ్యాంకులో పడుతుంది. ఓ చిన్న పాత కారు కొనుక్కుందామని దాస్తున్నాను. నాకు లైసెన్సు ఉంది. కారే లేదు. పుట్టింటికి వెళ్ళాలంటే ఆయన తీరిక చూసుకోవాలి, అక్కయ్యకి ఒంట్లో బాగా లేదంటే ఆయన మొహం చూసుకోవాలి.

మరి ఆ కార్డు అక్కడెందుకు పెట్టానంటే, ప్రకటన ఒకసారి ఆగితే దానికి అంతవరకూ నేర్చుకున్నదంతా పోతుంది. ఎవరు కొంటారు, ఎవరు ఊరికే చూసి పోతారు అన్నది మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకోవాలి, కొత్త కోడలు ఎవరి ప్లేటు ఏదో నేర్చుకున్నట్టు. రంజాన్‌లో అంత టైము ఎవరికుంది?

ఆ సాయంత్రం ఉపవాసం విరవడానికి ఇంకా కాస్త సమయం ఉండగా అబాంగ్ ఇంటికొచ్చారు. పగలు మునిసిపల్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, మిగతా జీవితం పిట్టలు. పాడే పిట్టల పోటీలు మా ఊళ్ళో మగవాళ్ళకి ప్రాణం. పిట్ట బాగా పాడాలంటే పంజరం బాగుండాలట. ఆ రోజు చెక్కడపు పనితనం ఉన్న పంజరం బేరమాడి, కార్డు ఇస్తే, దుకాణంవాడు గీసి గీసి తిరిగిచ్చేశాడట. స్నేహితులంతా చూస్తున్నారట.

"నీ ప్రకటనలు నా కార్డుని మింగేశాయి" అన్నారు చెప్పులు విప్పుతూనే.

"ప్రకటనలు మింగలేదు అబాంగ్..."

"మరెవరు మింగారు, నేనా? నలుగురిలో పరువు పోయింది. ఆ ఖాతాలోంచి నా కార్డు తీసెయ్."

"ముఖ్యమైన కార్డుని ఊరికే తియ్యనివ్వదు. దాని చోట ఇంకోటి పెట్టాలి."

"నీది ఉందిగా, ఆ రబ్బరు కార్డు. అది పెట్టు. మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏమిటి?"

ఖర్జూరపళ్ళ పళ్ళెం ఆయన ముందు పెడుతూ అడిగాను. "అయితే ఖాతా నా పేరున మారుస్తాను. డబ్బా మీద కూడా..."

ఆయన నవ్వారు. కోపం లేదు, నిజంగానే నవ్వొచ్చింది. "డబ్బా మీద నీ ఫొటోనా? జనం నన్ను గుర్తుపడతారు నిదా. నిన్నెవరు గుర్తుపడతారు?"

మాక్ అందుకున్నారు. "పేరు మగాడిదైతేనే బరకత్తు. ఆడదాని పేరు పెడితే, ఆ ఇంట్లో మగాడు లేడనుకుంటారు."

"ఇప్పటికే నా కార్డు రెండోదిగా ఉంది అబాంగ్. అదే..."

"రెండోదా!" ఆయన కనుబొమలెగరేశారు. "రెండోది అన్న మాటే నాకు తీపిగా ఉంటుంది. మాక్, విన్నావా, నాకు రెండోది ఉందట!" తల్లీ కొడుకులిద్దరూ నవ్వుకున్నారు. నవ్వు ఆగాక, "రెండోది స్టెప్నీలాంటిది, ఊరికే వేలాడుతుంది. దాన్నే ముందు బిగించు" అని, మసీదు బాంగు వినపడగానే ఖర్జూరం నోట్లో వేసుకున్నారు.

మర్నాడు పొద్దున్న మాక్ ఎండలో చేపలు ఆరబెడుతుంటే, నేను వంటింటి గట్టు మీద ఫోను పెట్టుకుని ఖాతా తెరిచాను. ఆయన చెప్పినట్టే చేద్దామనుకున్నాను. అబద్ధమెందుకు, పెళ్ళయినప్పట్నుంచీ ఆయన చెప్పినట్టే చేసి, తర్వాత మనసులో నాలుగు మాటలనుకోవడం నాకు అలవాటు. అందులో కాస్త సుఖం కూడా ఉంది. కార్డులు మార్చే ముందు పాత చెల్లింపుల పేజీలోకి వెళ్ళాను. కిందికి జరుపుతున్నాను. అబాంగ్ కార్డు ఎదురుగా ప్రతిచోటా 'తిరస్కరించబడింది'. దాని కిందే నా కార్డు, పక్కన పచ్చ టిక్కు. మళ్ళీ తిరస్కరించబడింది, మళ్ళీ పచ్చ టిక్కు. నాకు అప్పుడప్పుడూ వెళ్తోందని తెలుసు. అప్పుడప్పుడూ అనే అనుకున్నాను. గత రంజాన్ నాటి నుంచి ఆయన కార్డు ఒక్కసారి కూడా ఇవ్వలేదు. ఆ పిట్టలూ, పంజరాలూ, వాటి గింజలూ దాన్ని ఎప్పుడూ అప్పుతో అంచుల దాకా నింపే ఉంచాయి. అమ్మిన డబ్బు ఆయన బ్యాంకులో పడుతోంది, అమ్మడానికయ్యే ఖర్చు నా బ్యాంకులోంచి పోతోంది. డిప్లొమా చదివినదాన్ని, ఇది గమనించడానికి ఇంతకాలం పట్టింది. మనింట్లో లెక్క చూడ్డం మర్యాద కాదని నాకు ఎవరు నేర్పారో గుర్తులేదు, నేర్చుకోవడం మాత్రం బాగా నేర్చుకున్నాను.

మూకుడులో మాంసం గుర్తొచ్చి గరిటె ఒకసారి తిప్పి వచ్చాను. నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఎవరో పొరుగింటావిడ కార్డు సంగతి చదువుతున్నట్టు అనిపించింది. పాపం, ఆవిడ కారు కొనుక్కుందామనుకుంది కాబోలు, సగం కారు సెరుండింగ్ అయిపోయింది అనుకున్నాను.

ముఖ్యమైన కార్డుని తియ్యాలంటే సవాలక్ష అడ్డంకులు. రెండోదాన్ని తియ్యడం ఒక్క నొక్కు. నొక్కితే, 'ఈ కార్డుని నిజంగానే తొలగించాలనుకుంటున్నారా?' అని అడిగింది. ఇంట్లో నన్ను ఏ విషయమూ ఎవరూ రెండోసారి అడగలేదు. దాని మర్యాదకి ముచ్చటేసి, కాసేపు జవాబివ్వకుండా ఉంచాను. తర్వాత 'అవును' నొక్కాను.

ఆయన కార్డు ఆయన చోటే ఉంది. నేను ముట్టుకోలేదు.

ఆ మర్నాటికి ప్రకటనలు ఆగిపోయాయి. ఫోను మోగడం తగ్గింది, తర్వాత మానేసింది. నేను సెరుండింగ్ కొంచెంగా చేశాను, ఆ తర్వాత ఇంకా కొంచెంగా. మధ్యాహ్నాలు కిటికీ పక్కన పడుకుని, ఎప్పుడో సగంలో ఆపిన నవల పూర్తి చేశాను. మాక్ మొదట నా ఒంట్లో బాగా లేదనుకున్నారు. తర్వాత దిష్టి అన్నారు. పక్కవీధిలో కెరొపోక్ అనే చేప అప్పడాలమ్మే వ్యాపారి కళ్ళు మంచివి కావన్నారు. కొడుకు ముఖం కళ తప్పిందని, నీళ్ళలోకి ఖురాన్ ఆయతులు చదివి ఊది, ఆయన చేత మొహం కడిగించారు. కడిగాక కూడా ఆర్డర్లు రాలేదు.

అబాంగ్‌కి అనుమానం వచ్చేసరికి పండగ దగ్గరికొచ్చేసింది.

"ఏమయింది ఫోనుకి? పోయినేడు ఈపాటికి ఊపిరాడేది కాదు."

"ప్రకటనలు ఆగిపోయాయి."

"ఎందుకాగాయి?"

"డబ్బు అందక. మీ కార్డు నిండిపోయి ఉంది."

"మరి ఇన్నాళ్ళూ?"

"ఇన్నాళ్ళూ నాది ఇచ్చింది. దాన్ని తీసేశాను."

ఆయన చేతిలో పిట్ట గింజల గిన్నె ఉంది. దాన్ని ఇటు పెట్టాలా అటు పెట్టాలా తేల్చుకోలేక అలాగే నిలబడ్డారు. "చెప్పొచ్చు కదా!"

"చెప్పబోయాను. స్టెప్నీ అన్నారు."

"అది సరదాకన్నాను నిదా. నువ్వు ప్రతిదీ మనసులో పెట్టుకుంటావు." గొంతు తగ్గించారు. "సరే. మళ్ళీ పెట్టు. ఈ వారం అమ్ముకోకపోతే ఏడాదంతా ఏం తింటాం?"

"పెడతాను. నా పేరున ఖాతా తెరుస్తాను, వచ్చే డబ్బు కూడా దాని వెనకే నా బ్యాంకుకి వస్తుంది. ఇంటి ఖర్చు నేనిస్తాను."

"జనం ఏమనుకుంటారు?"

"సెరుండింగ్ బాగుందనుకుంటారు."

మాక్ వసారాలోంచి, "పండగ పూట ఏమిటమ్మా ఈ వాదాలు! ఇచ్చిన దాన్ని తిరిగడిగేదాన్ని ఏమంటారో తెలుసా?" అన్నారు.

"నేను ఇవ్వలేదు మాక్. నా దగ్గర్నుంచి వెళ్ళింది."

అబాంగ్ "పండగయ్యాక చూద్దాం" అన్నారు. మా ఇంట్లో ఆ మాటకి కుదరదని అర్థం.

రాయా పండగ పొద్దున్న అందరం కొత్తబట్టలు కట్టుకున్నాం. ఆయన నమాజు నుంచి వచ్చి ముందుగదిలో కుర్చీలో కూచున్నారు, పక్కన మాక్. ఆడపడుచూ ఆమె భర్తా గోడవారగా నిలబడ్డారు. ఈ రోజున భార్య భర్త ముందు మోకాళ్ళ మీద కూచుని, చెయ్యి ముద్దు పెట్టుకుని, తెలిసీ తెలియక చేసిన తప్పులకి క్షమాపణ అడుగుతుంది. ఆ తర్వాత, 'మీ సొమ్ములో నేను తిన్నదీ తాగిందీ హలాల్ చెయ్యండి' అంటుంది. అంటే, అదంతా మనస్ఫూర్తిగా ఇచ్చినట్టే అనుకోండి, రేపు దేవుడి దగ్గర దానికి నన్ను నిలదియ్యకండి అని. మనసారా ఇవ్వని తిండి తిన్నవాళ్ళు అక్కడ జవాబు చెప్పుకోవాలి. మాక్‌కి నరకమంటే ఎంత భయమో, ఆ మాటంటే అంత భయం.

నేను కూచున్నాను. చెయ్యి ముద్దు పెట్టుకున్నాను. ప్రతి ఏడూ అన్నట్టే అన్నాను. ప్రతి ఏడూ కళ్ళు చెమరుస్తాయి, ఈసారి చెమర్చలేదు.

"అంతా హలాల్ నిదా, అంతా హలాల్" అన్నారాయన, తల మీద చెయ్యి వేసి, ఉదారంగా.

నేను లేవలేదు. ఆయన చెయ్యి వదల్లేదు.

"ఇప్పుడు మీరు అడగండి అబాంగ్."

"ఏమిటి?"

"పోయిన రంజాన్ నుంచీ ఈ ఇంట్లో పొయ్యి వెలిగింది మా అమ్మ చెట్ల పాలతో. మీరూ తిన్నారు, మాక్ తిన్నారు, పిట్టలు కూడా తిన్నాయి. పిట్టలు అడగక్కర్లేదు."

ఆడపడుచు భర్త దగ్గాడు. అబాంగ్ చెయ్యి నా చేతిలో బరువెక్కింది. లాక్కోవాలని ఉంది, నలుగురిలో లాక్కోలేరు. ఆయన ఇంకా తేల్చుకోకముందే, ఆ పక్కనుంచి ఇంకో చెయ్యి వచ్చింది. ముడతలు పడి, ఉల్లిపాయ వాసన వదలని చెయ్యి. మాక్ కుర్చీలోంచి వంగి నా మోచెయ్యి పట్టుకున్నారు.

"నాకు హలాల్ చెయ్యమ్మా" అన్నారు. ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "నాకు తెలీదు. తెలిసుంటే..." అక్కడ ఆగిపోయారు. తెలిసుంటే ఏం చేసేవారో ఆవిడకీ తెలీదు.

"మీకు చేశాను మాక్."

అప్పుడు అబాంగ్ నేల చూస్తూ, తనకే వినపడనంత మెల్లగా అన్నారు. "నాకూ... హలాల్ చెయ్యి."

ఆయన చెయ్యి వదిలి లేచి నిలబడ్డాను.

"నిన్నటిదాకా తిన్నదంతా హలాల్" అన్నాను.