సింగారక్క ముక్కు

మా పై వాటాలో ఉండే సింగారక్క రక్తపిశాచి. ఈ సంగతి మా మెట్లు ఎక్కి దిగే వాళ్లందరికీ తెలుసు. మాంసం కొట్టు అతను రోజూ సాయంత్రం మూత బిగించిన స్టీలు క్యాను తెచ్చి, ఆవిడ గుమ్మం ముందు జుట్టు దువ్వుకుని మరీ తలుపు తడతాడు. ఆవిడ వల్ల ఇంతవరకు ఎవరికీ హాని జరగలేదు. జరిగిందల్లా మగవాళ్లు మెట్ల మీద జారిపడటమే. ఆవిడ ఎదురొస్తే కాలి కింద మెట్టుందో లేదో చూసుకోరు. మా ఆయన కూడా ఒకసారి చీలమండ బెణికించుకుని వచ్చి, "మెట్లు తడిగా ఉన్నాయే," అన్నాడు. ఆ వారమంతా మా బిల్డింగులో నీళ్లే రాలేదు.

ఆవిడకి పాతికేళ్లు. ఆ పాతికేళ్లు నిండి మాత్రం రెండు వందల ఏళ్లు దాటింది. మొదట్లో ఒకసారి నోరు జారి "పిన్నీ" అన్నందుకు చాలా రోజులు మూతి ముడుచుకుని తిరిగింది. అప్పటినుంచీ అక్కా అంటున్నాను.

నేను ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. సింగారక్క దాదాపు రోజూ ఏదో ఒక గౌను పట్టుకుని వస్తుంది. నడుం దగ్గర చిటికెడు లోపలికి తియ్యమనో, అంచు కాస్త దింపమనో అంటుంది. అద్దంలో కనపడదు కాబట్టి ఆవిడకి అద్దాన్ని నేనే. దానికంటే పెద్ద తంటా గుమ్మం దగ్గర ఉంది. రక్తపిశాచులు పిలవందే గడప దాటలేరట. ఒకసారి పిలిస్తే సరిపోదు. వచ్చిన ప్రతిసారీ ఆ సమయానికి ఇంటి లోపల ఉన్నవాళ్లెవరైనా పిలవాలి.

ఒకరోజు బాబుకి గంజి పెడుతూ, వెనక్కి తిరక్కుండానే "రండక్కా, రండి," అన్నాను.

"చూడకుండానే పిలిచావు."

"చూడటానికేముందక్కా, మీ గొంతు తెలుసుగా."

"అంటే నా గొంతుని పిలిచావా, నన్ను పిలిచావా?"

విసవిసా పైకి వెళ్లిపోయింది. జూకాలు మార్చుకుని వచ్చి మళ్లీ తలుపు తట్టింది. అప్పుడు చెంచా కింద పెట్టి, తల నుంచి పాదాల దాకా చూసి, మెడ హంస మెడలా ఉందన్నాను.

"నిన్నా హంసే అన్నావు. ఇవాళ కొంగలా ఉంటే చెప్పెయ్, ఏమనుకోను."

"కొంగ కాదక్కా, ఒట్టు. రండి."

నాకు ఒళ్లు మండేది. పసివాడున్న ఇల్లు. వాడు నిద్రపోతే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఎక్కువసేపు నిద్రపోతే భయమేసి లేపుతాను. లేపితే ఏడుస్తాడు. ఏడిస్తే కడుపు నొప్పేమోనని నేనూ ఏడుస్తాను. ఇన్ని పనుల మధ్య ఈవిడకి హంసలూ నెమళ్లూ ఎక్కణ్ణుంచి తేను?

ఆ విసుగులోనే ఒకసారి అంచుకి గుండుసూదులు పెడుతూ అడిగేశాను. "ఎలా ఉంటే ఏమక్కా? మిమ్మల్ని రావద్దన్నదెవరు?"

ఆవిడ కదలకుండా నిలబడి చెప్పింది. "నన్నిలా చేసినవాడి ఇంట్లో చాలామందిమి ఉండేవాళ్లం. తెల్లవారబోయే ముందు అందరినీ గుమ్మం బయట నిలబెట్టేవాడు. దీపం ఎత్తి ఒక్కొక్క మొహమే చూసి, నచ్చినవాళ్లని లోపలికి రమ్మనేవాడు. ఒకనాడు మాలో పెద్దావిడకి బుగ్గ మీద కాలిన మచ్చ పడింది. దీపం ఆవిడ దగ్గర ఆగలేదు. నన్ను పిలిచాడు, నేను వెళ్లిపోయాను. ఎండ పడితే మేం మిగలం. సాయంత్రం తలుపు తీస్తే గుమ్మంలో బూడిద ఉంది. ఊడ్చమన్నాడు."

"ఊడ్చారా?"

"ఊడ్చాను. ఊడ్చేసి వెళ్లి తల దువ్వుకున్నాను." కిందికి చూసి, "అంచు వంకరగా వస్తోంది, చూసి పెట్టు," అంది.

ఆ తరువాత నుంచి గుమ్మం దగ్గర విసుక్కోవడం మానేశాను. కావలసినన్ని హంసలు ఇచ్చాను. ఆవిడకి చాలేవి కావు, అది వేరే సంగతి.

ఇలా ఉండగా ఒక ఉదయం చెత్తబుట్ట బయట పెడదామని గుమ్మం దాటాను. వెనకనుంచి గాలి కొట్టి తలుపు దభీమని మూసుకుపోయింది. అది లాగితే దానంతట అదే తాళం పడే తలుపు. తాళంచెవి లోపల. ఫోను లోపల. మా ఆయన ఫ్యాక్టరీలో. బాబు లోపల.

ఎండ పడని వరండా వైపు మా వంటింటికి ఊచల కిటికీ ఉంది. అందులోంచి చూస్తే ముందు గది కూడా కనపడుతుంది. చూశాను. బాబు మిషను వైపు పాకుతున్నాడు. మిషను పక్కన పొట్టి స్టూలు, దాని మీద మూత తీసిన గుండుసూదుల డబ్బా. ఎప్పుడూ అటక మీదే పెడతాను. ఒక గౌను తొందరగా ఇవ్వాలని ఆ రోజే కిందికి దించాను.

ఊచలు పట్టుకుని అరిచాను. నా అరుపులకి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, అంతే వేగంగా తాళాలు చేసేవాడి కోసం పరుగెత్తాడు. పై నుంచి నల్ల కళ్లజోడు పెట్టుకుని, శాలువా కప్పుకుని సింగారక్క దిగింది.

"అలా అరుస్తావేం? ఉలిక్కిపడి కాటుక చెరిపేసుకున్నాను."

"అక్కా, బాబు లోపల ఉండిపోయాడు! సూదుల డబ్బా కిందే ఉంది! మీరు గబ్బిలంగా మారతారటగా, ఈ ఊచల్లోంచి దూరిపోండి!"

ఆవిడ మొహం పాలిపోయింది. అసలే పాలిపోయిన మొహం.

"మారను."

"ఏం?"

"నువ్వెప్పుడైనా గబ్బిలం ముక్కు చూశావా?"

"ఇప్పుడు ముక్కు గొడవా అక్కా!"

"అది ముక్కులా ఉండదు. ఎవరో చెప్పుతో కొట్టి అతికించినట్టు ఉంటుంది. ఆ మొహం చూస్తే ఎవరు పిలుస్తారు? పిలవకపోతే కిటికీ కూడా దాటలేను."

"నేను పిలుస్తున్నాగా! రండి, రండి, రండి!"

"నువ్వు బయటున్నావు. లోపలున్నవాళ్లు పిలవాలి."

లోపలున్నది ఇంకా మాటలు రానివాడు ఒక్కడే.

"వాడికి అందచందాలు ఏం తెలుసక్కా? నిన్న చీపురుకట్టని పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు!"

"నన్ను చీపురుకట్టతో పోలుస్తున్నావా?"

లోపల బాబు స్టూలు అంచు పట్టుకుని మోకాళ్ల మీద లేచాడు. కిటికీ కిందే కూలబడిపోయాను. సింగారక్క నన్ను చూసింది, లోపలికి చూసింది. మెల్లగా కళ్లజోడు తీసింది.

"కళ్లు మూసుకో. నువ్వు చూడకూడదు."

"మూసుకుంటే బాబు కనపడడు!"

"అయితే ఒక కన్ను మూసుకో."

ఒక కన్ను మూసుకుని లేచి నిలబడ్డాను. పక్కన శాలువా, గౌను, జూకాలు కుప్పగా నేల మీద పడ్డాయి. కిటికీ ఊచకి గబ్బిలం ఒకటి తలకిందులుగా వేలాడుతోంది. ముక్కు గురించి ఆవిడ అబద్ధం చెప్పలేదు. పైగా తగ్గించి చెప్పింది.

గబ్బిలం కీచుమంది. బాబు తల తిప్పి చూశాడు. చూడగానే సింగారక్క సిగ్గుతో రెక్క మొహానికి అడ్డం పెట్టుకుంది. వాడు ఏడుపు మొహం పెట్టాడు. బాబు ఏడుస్తున్నాడేమోనని ఆవిడ రెక్క పక్కనుంచి ఒక కన్నుతో తొంగి చూసింది. వాడు కిలకిలా నవ్వాడు. ఆ నవ్వుకి బెదిరి మళ్లీ మొహం దాచుకుంది. వాడు ఊపిరి బిగబట్టి ఎదురుచూశాడు. మళ్లీ తొంగి చూస్తే ఈసారి పొట్ట పట్టుకున్నట్టు ఊగుతూ నవ్వాడు.

"అక్కా, దాగుడుమూతలు అనుకుంటున్నాడు! మొహం మొత్తం చూపించండి!"

చాలాసేపు ఏమీ కదల్లేదు. నాకు అలాగే అనిపించింది. తరువాత గబ్బిలం రెండు రెక్కలూ తీసేసి, ఆ చెవులు, ఆ ముక్కు, ఆ పళ్లు అన్నీ వెలుతురులో పెట్టి ఊరుకుంది.

బాబు స్టూలు వదిలేశాడు. చతికిలబడి, ఎత్తుకోమని రెండు చేతులూ పైకి చాపాడు.

ఎవరో వెనకనుంచి నెట్టినట్టు సింగారక్క ఊచల్లోంచి లోపలికి పడింది. మిషను వెనకాల ఏదో గడబిడ అయింది. సూదుల డబ్బా గాల్లోకి లేచి అటకెక్కింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

సింగారక్క వేరేవాళ్ల గౌను చుట్టుకుని ఉంది. దానికి నేనింకా ఒక చెయ్యే కుట్టాను. చంకలో బాబు. మిగతా మనిషంతా తిరిగొచ్చింది కానీ ముక్కు ఇంకా రాలేదు. బాబు ఆ ముక్కునే పిడికిట్లో పట్టుకుని ఉన్నాడు.

నేను లోపలికి ఉరకబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగాగు. ఎవరో వచ్చారురా బుజ్జీ. జుట్టు చూడు, పిచ్చుక గూడు. ముక్కు చూడు, కారుతోంది. భుజాన ఆ మసిగుడ్డ ఒకటి. ఇలాంటి అవతారాన్ని మనం లోపలికి..."

నవ్వుతూ మొదలుపెట్టిన మాట మధ్యలోనే ఆగిపోయింది. అడ్డం పెట్టిన తన చేతిని తనే చూసుకుంది, అది ఎవరిదో అన్నట్టు. చటుక్కున కిందికి దించేసింది.

"రా," అంది. "నేనేం చూడలేదు. రా."

వెళ్లి బాబు నోట్లో వేలు పెట్టి వెతికాను, అరచేతులు తిప్పి చూశాను, చొక్కా ఎత్తి చూశాను. ఏమీ లేదు. అప్పుడు ఇద్దరినీ కలిపి పట్టుకుని ఏడ్చాను.

ఇంతలో వాచ్‌మన్ తాళాలవాణ్ణి వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఎప్పుడూ ఆవిణ్ణి చూస్తే వెన్నలా కరిగిపోయే మనిషి, ఆ ముక్కు చూసి కెవ్వుమని గోడకి అతుక్కుపోయాడు. తాళాలవాడి పెట్టె చేతిలోంచి జారింది. సింగారక్క చెయ్యి మొహం మీదికి లేచింది. కానీ బాబు ముక్కు వదిలితేగా. ఆవిడ లాగి చూసింది, వాడు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. కాసేపు చూసి ఆ చెయ్యి వాడి వీపు మీద వేసింది.

"ఏంటలా దయ్యాన్ని చూసినట్టు చూస్తారు?" అంది వాళ్లతో. "తాళం పని అయిపోయింది. అంతదూరం ఎండలో పడి వచ్చారు, లోపలికొచ్చి మంచినీళ్లు తాగి వెళ్లండి."

మా ఇంట్లోకి, నన్నొక మాటైనా అడక్కుండా.