గోరు చెప్పిన మాట

టీకొట్టు చక్రి బొటనవేలి గోరు నొక్కి వదిలి "ఒకటి, రెండు" అని లెక్కపెట్టాడు హనుమయ్య. తెల్లబడ్డ గోరు మళ్ళీ ఎర్రబడింది.

"ఉన్నావురా," అన్నాడు.

"ఉన్నాను కాబట్టే టీ పోస్తున్నాను బాబాయ్. నేను పోతే నువ్వే పోసుకుందువుగాని," అన్నాడు చక్రి గ్లాసు అందిస్తూ.

ఊరంతా నమస్కారానికి చేతులు జోడిస్తే, భవానీపురంలో ఈ వీధి మాత్రం హనుమయ్యకు బొటనవేలు చాపుతుంది. ఒంట్లో నెత్తురు తిరుగుతోందో లేదో చిటికెలో తేల్చే పటాలం పద్ధతి అది. యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళను చూసే నర్సింగ్ అసిస్టెంటుగా పదిహేడేళ్ళు చేశాడాయన. కార్గిల్ కొండమీద తూటాల మధ్య నుంచి ముగ్గుర్ని వీపున వేసుకుని దించినందుకు పతకం ఇచ్చారు. కొండను మోసినాయన పేరు పెట్టుకుని కొండమీంచి మనుషుల్ని మోశాడని అప్పట్లో పేపర్లో వేశారు కూడా. పతకం వచ్చిందిగాని ఏ పథకమూ రాలేదని చక్రి వేళాకోళం. ఇప్పుడు పక్క వీధిలో శాంభవి డాక్టరుగారి క్లినిక్కులో పుళ్ళు కడిగి కట్లు కడతాడు. కట్టుకథలు చెప్పే రకం కాదు. ఆ మాటకొస్తే ఏ కథా చెప్పే రకం కాదు.

ఎవరి గోరైనా "రెండు" దాటి "మూడు"కు పోతే వారం తిరక్కుండా ఆ ఇంటి ముందు షామియానా లేస్తుంది. ఇలా రెండు మూడుసార్లు జరిగాక, కొందరు ఆయన ఎదురైతే చేతులు జేబుల్లో దాచేస్తున్నారు. జేబులు లేనివాళ్ళు వీధి మారుస్తున్నారు.

ఇవాళ పొద్దున మొహం కడుక్కుంటూ హనుమయ్య తన గోరే నొక్కుకున్నాడు. పది దాకా లెక్కపెట్టాడు. ఎర్రబడలేదు. మళ్ళీ నొక్కాడు. సున్నం పూసినట్టు అలాగే ఉంది.

మే నెల ఎండకు బెజవాడ బెల్లంపాకంలా ఉడుకుతోంది. ఆయనకు మాత్రం పళ్ళు కొట్టుకునేంత చలి. టీ గ్లాసు రెండు చేతులా పట్టుకున్నా వేడి తెలియలేదు.

దానికితోడు ఆ చప్పుడు. కంకరరాళ్ళమీద ఎవరో బోర్లా పడి ఒళ్ళు ఈడ్చుకొస్తున్న చప్పుడు. కొండ దిగిన నాటినుంచీ ఆయన వెనక అది వస్తూనే ఉంది. ఆగితే ఆగుతుంది, నడిస్తే నడుస్తుంది. కాదు, పాకుతుంది. ఇన్నేళ్ళూ నాలుగిళ్ళ ఎడం పాటించింది. ఇవాళ ఆయన నిలబడ్డా ఆగకుండా మడమల దగ్గర వినిపిస్తోంది.

"అస్తమానం వెనక్కి చూస్తావేం బాబాయ్? ఎవరన్నా వస్తున్నారా?"

"మనవాడే," అన్నాడు హనుమయ్య. టీ సగం వదిలేసి క్లినిక్కుకు నడిచాడు.

శాంభవి ఆయన్ని చూస్తూనే కంగారుపడింది. "హనుమయ్యగారూ, మొహం అలా పాలిపోయిందేంటండీ? రండి, బీపీ చూస్తాను."

"కాసేపాగి చూద్దురుగాని అమ్మా. ముందు తెరేసమ్మగారి కట్టు కట్టాలి."

మంగళవారం మంగళవారం వస్తుంది తెరేసమ్మ. మడమ మీద మానని షుగరు పుండు. నాగాయలంక నుంచి కూతురు దగ్గరికి వచ్చి ఈ పేటలో ఉంటోందని తెలిసే, తొమ్మిదేళ్ళ కిందట హనుమయ్య ఈ క్లినిక్కులో చేరాడు. ఆ సంగతి ఆవిడకు తెలియదు. తల్లి పోతే ఆవిడ చంకనేసుకుని పెంచిన తమ్ముడు జాన్‌బాబు ఆ కొండమీదే పోయాడు. తూటా తగిలి అక్కడికక్కడే కన్నుమూశాడని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం తప్పని తెలిసిన మనిషి ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడూ ప్రతి మంగళవారం నోరు తెరుద్దామనుకుని దూది తెరిచేవాడు. ఇక వచ్చే మంగళవారం లేదని ఇవాళ గోరు చెప్పింది.

తెరేసమ్మ కుర్చీలో కూర్చుని కాలు చాపింది. "ఏం తమ్ముడూ, పోయినసారి అంత బిగించావు? పుండుకు కట్టమంటే దొంగను కట్టినట్టు కట్టావు."

ఎప్పుడూ నవ్వేవాడు నవ్వలేదు. స్టూలు మీద కూర్చుని, పుండు కడిగి, మందేసి, కొత్త బ్యాండేజీ చుట్ట విప్పి కట్టడం మొదలెట్టాడు.

"అక్కా, జాన్‌బాబు అక్కడికక్కడే పోలేదు."

తెరేసమ్మ చెయ్యి కుర్చీ అంచు మీద బిగుసుకుంది.

"ఆ రాత్రి నేను అక్కడున్నాను. గోరు నొక్కి చూశాను. ఎర్రబడలేదు. పోయాడనుకుని పక్కవాణ్ణి ఎత్తుకున్నాను. ఆ చలిలో బతికున్నవాడి గోరు కూడా ఎర్రబడదక్కా. నుదురు నొక్కి చూడాలి. అది నాకు నేర్పారు. ఆ తొందరలో మర్చిపోయాను." ఊపిరి తీసుకున్నాడు. "వెలుతురొచ్చాక వెళ్తే, వదిలిన చోట లేడు. పాకాడు."

గోరంతలు కొండంతలు చేసేవాళ్ళను లోకం చాలామందిని చూసింది. ఈయన గోరంత తప్పు కొండమీదే జరిగింది.

"ఎంత దూరం పాకాడు?" అడిగింది తెరేసమ్మ.

"ఇక్కణ్ణుంచి ఆ మెట్ల దాకా."

"ఎటువైపు?"

"నేను వెళ్ళినవైపు."

అప్పుడు ఆగింది చప్పుడు. సరిగ్గా స్టూలు వెనక. తెరేసమ్మ ఆయన భుజం మీదుగా నేలవైపు చూసింది. వీధిలో తెలిసినవాళ్ళు కనబడినట్టు ఆవిడ కనుబొమలు లేచాయి. చీరకొంగు భుజాలనిండా కప్పుకుంది.

"ఇంత చలేంటి ఇక్కడ?" అంది మెల్లగా. తర్వాత గొంతు గట్టిచేసుకుని, "ముందు కట్టు పూర్తిచెయ్యి. నీతో మాట్లాడేది చాలా ఉంది," అంది.

హనుమయ్య ఇంకో చుట్టు చుట్టాడు. ఇంకోటి. ఆయన తల వాలి వాలి ఆవిడ మోకాలిమీద ఆనింది.

"లే. కాళ్ళమీద పడితే అయిపోద్దా?"

లేవలేదు. తెరేసమ్మ ఆయన బొటనవేలు అందుకుని గోరు నొక్కింది. తెల్లగా ఉండిపోయింది. "డాక్టరమ్మా!" అని కేక వేసింది.

శాంభవి పరుగున వచ్చి ఆయన్ని నేలమీద పడుకోబెట్టింది. మెడ దగ్గర నాడి చూసి, గుండెమీద రెండు చేతులూ వేసి నొక్కడం మొదలెట్టింది. తెరేసమ్మ కిందికి దిగి తల దగ్గర కూర్చుంది. బొటనవేలితో ఆయన నుదురు నొక్కింది, వదిలింది, మళ్ళీ నొక్కింది.

"గోరు మాట నమ్మొద్దమ్మా, అబద్ధాలు చెప్పుద్ది. తొందరపడి వదిలెయ్యకు. ఇంకాసేపు చూడు."

శాంభవి ఇంకాసేపు చూసింది. ఆ తర్వాత ఇంకా కాసేపు. చెమటలు కారుతున్న మొహం ఎత్తి, "లేరండీ," అంది.

అయినా నుదుటిమీది చెయ్యి తీయలేదు తెరేసమ్మ. స్ట్రెచరు వచ్చాక దాని పక్కనే, చెయ్యి అలాగే ఉంచి, కుంటుకుంటూ నడిచింది. "నేనున్నాను, పద," అందో, "మేమున్నాం" అందో శాంభవికి సరిగ్గా వినబడలేదు. మెట్ల దగ్గరికొచ్చి తెరేసమ్మ ఆగింది.

ఖాళీ గదిలో, ఆవిడ పాదం నుంచి నేలపొడుగునా పరుచుకొచ్చిన తెల్లటి గుడ్డ చివర, ఎవరూ కత్తిరించని బ్యాండేజీ చుట్ట స్టూలు కింద ఉండిపోయింది. ఎవరూ లాగకపోయినా, మెట్లవైపు ఎవరో పాకుతున్నట్టు ఇంకా మెల్లగా విచ్చుకుంటోంది.