ఇరవై రెండు టికెట్లు

"ఖర్చు కాకూడదు. చూసినవాళ్ళు మాత్రం నోరెళ్ళబెట్టాలి," అన్నారు మా ఆయన, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా. అని, పులుసు ఇంకాస్త వెయ్యమన్నట్టు గరిటె వైపు గడ్డం ఆడించారు. వేశాను. వచ్చే ఆదివారం మా తులసికి ఏడేళ్ళు నిండుతాయి. మా ఆయన అప్పలస్వామి చెరకుమిల్లు ఆఫీసులో గుమాస్తా. ఆయన పైన పెద్ద గుమాస్తా ఒకాయన ఉన్నాడు, మునుస్వామి. ఆయన కొడుకు పుట్టినరోజుకి ఇల్లంతా సర్కసు డేరాలా కట్టించి, పిల్లలందరికీ జోకరు టోపీలు పెట్టించాడట. అది చూసొచ్చిన దగ్గర్నుంచి మా ఆయనకి నిద్ర లేదు. "మా సెఫ్‌ని, అదే మా మునుస్వామిగారిని, వాళ్ళావిణ్ణి ఆదివారం రమ్మన్నాను కన్నమ్మా. మనమూ ఏదో ఒక వింత పెట్టాలి. నీకు చేతనైన పనే కదా!" నాకు చేతనైన పనులు ఈ ఇంట్లో చాలా ఉన్నాయి. వాటిని ఎవరూ పని అనరు గానీ, నాకు చేతనవునని మాత్రం అందరికీ బాగా తెలుసు.

ఆ పొద్దున్నే నాకో ఉత్తరం వచ్చింది. నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం. సర్కారు బడుల్లో తెలుగు చెప్పడానికి టీచర్లను తీసుకుంటున్నారని, మా దీవి రాజధాని పోర్ లూయీలో సోమవారం పది గంటలకు పరీక్షకు రమ్మని. ఆదివారం పుట్టినరోజు, సోమవారం పరీక్ష. మా నాన్న ఊళ్ళో రామభజన బృందానికి పెద్ద. చూపు మందగించాక పాటలు చదివి వినిపించడానికి ఇంట్లో మగపిల్లలు లేక నాకు అక్షరాలు నేర్పాడు. ఆ అక్షరాలనే ఆరేళ్ళుగా శనివారం సాయంత్రాలు గుళ్ళో పిల్లల చేత దిద్దిస్తున్నాను. చాప పరిచేది నేనే, పాఠం అయ్యాక ఊడ్చేదీ నేనే. దరఖాస్తు మా గుడి పూజారి వీరాస్వామి గురువుగారే దగ్గర కూర్చుని రాయించారు. "ఇది పోతే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తెలీదు తల్లీ, వదులుకోకు," అని మరీ మరీ చెప్పారు. మా ఆయన ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి రేడియో కింద పెట్టారు. "గుళ్ళో ఎలాగూ చెబుతున్నావు కదా, జీతమిస్తే అక్షరాలేమైనా మారిపోతాయా? ముందు పాప పుట్టినరోజు కానీ. తర్వాత చూద్దాం." మా ఇంట్లో 'తర్వాత' అనే మాట నా ఒక్కదాని కోసమే వాడతారు. పదేళ్ళుగా వింటున్నాను. ఆ తర్వాత ఏ రోజు వస్తుందో ఒక్కసారీ చెప్పలేదు.

తులసిని అడిగాను, "పుట్టినరోజుకి నీకేం కావాలే?" అని. "బిస్!" అంది, ఆలోచించకుండానే. బస్సుకి ఇక్కడి మాట అది. మా ఇల్లు గుడ్‌ల్యాండ్స్ బస్సుల అడ్డాకి దగ్గర. పొద్దున లేస్తే బస్సు మోతే దానికి పాట. "ఇంటిముందు బిస్ కావాలమ్మా! నేను కండక్టర్ని! అందరికీ టికెట్లిస్తాను, ఏ ఊరు వస్తే ఆ ఊళ్ళో దింపుతాను!" నాకు నవ్వొచ్చింది, ఆలోచన కూడా వచ్చింది. బస్సంటే బెంచీలేగా. గుడి బెంచీలు అడిగి తేవచ్చు. ఒక్కో ఊరు వచ్చినప్పుడు ఒక్కో తినుబండారం పెడితే సరి, సర్కసు గిర్కసు అక్కర్లేదు. "సరే, ఊళ్ళు చెప్పు," అన్నాను. "నువ్వే చెప్పాలి. గుడ్‌ల్యాండ్స్ తర్వాత?" "కొటేజ్." "తర్వాత?" "మాపూ." "తర్వాత?" అక్కడ ఆగిపోయాను. ఆ రోడ్డు మీద రెండుసార్లు వెళ్ళాను నేను. ఒకసారి కొత్త పెళ్ళికూతురిగా తలొంచుకుని. ఇంకోసారి ఒళ్ళు కాలిపోతున్న తులసిని ఒళ్ళో వేసుకుని ఆస్పత్రికి. రెండుసార్లూ కిటికీ పక్కన ఆయనే కూర్చున్నారు. పదేళ్ళుగా రోజూ నా వాకిలి ముందు నుంచి వెళ్ళే బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో నాకు తెలీదు! పిల్ల ముందు సిగ్గేసింది.

వెదురు దడికి అవతల మార్సెల్ ఉంటాడు. అసలు కండక్టరు. అడిగితే పళ్ళు తోముకుంటున్నవాడు నోరు పుక్కిలించి మరీ, డ్యూటీలో ఉన్నట్టు గొంతెత్తి అందుకున్నాడు. "మాపూ, పాంప్లెమూస్, తెర్ రూజ్, పోర్ లూయీ! దెసాన్, దెసాన్, అందరూ దిగాలి!" ఆదివారం తనకు సెలవే కదా అని తన టోపీ కూడా ఇస్తానన్నాడు. నేను ఊళ్ళ పేర్లు బియ్యం డబ్బా మీద సుద్దముక్కతో రాసుకున్నాను. రాసుకుంటే అవి నావైనట్టు అనిపించింది.

ఆ వారమంతా ఇంటి పని ఇంటి పనే, బస్సు పని బస్సు పనే. గోనెపట్టాలు విప్పి కలిపి కుట్టాను. పసుపు, బట్టల నీలిమందు గంజిలో కలిపి పట్టాల మీద గీతలు గీశాను. జల్లెడ చట్రం స్టీరింగయింది. మా అత్త పోలమ్మ అరుగు మీద కూర్చుని అన్నీ చూస్తూ, అన్నిటికీ వంక పెట్టింది. "పసుపు ఇలా గోనెలకి పూత్తారేటే? అయో, ఈ పిల్లకి మతి పోనాది!" కొవ్వొత్తులు ఊదడం అనే మాటెత్తితే మరీ మండిపడింది. "పుట్టినరోజు నాడు దీపం నోటితో ఊది ఆర్పేత్తారేటి? నాను బతికుండగా కాదు." ఆ ఒక్క విషయంలో ఆవిడ మాట నాకూ నచ్చింది. రెండు కొవ్వొత్తులు బస్సు ముందు దీపాలుగా పెడదామన్నాను. తులసి వెలిగిస్తుంది, ఎవరూ ఆర్పరు. ఆవిడ వక్కపలుకు నోట్లో వేసుకుంది. మిగిలిన అట్టముక్కలు కత్తిరించి టికెట్లు చేశాను. ఒక్కో టికెట్ మీద ఒక్కో పేరు తెలుగులో, గుండ్రంగా. పదిహేనుమంది పిల్లలు, ఆరుగురు పెద్దలు, తులసి గుడ్డబొమ్మకి ఒకటి. ఇరవై రెండు. రాస్తుంటే రేడియో కింద ఉత్తరం అంచు కనబడుతూనే ఉంది. శుక్రవారం అడిగాను, "సోమవారం సంగతి?" అని. "అబ్బా, నీకిప్పుడే గుర్తొచ్చిందా అది!" అన్నారు. నేను ఎప్పుడు మర్చిపోయాను గనక?

ఆదివారం వచ్చింది. నిజం చెప్పాలంటే నా బస్సు చాలా బాగుంది! కొటేజ్‌లో చెరకు ముక్కలు, మాపూలో చిలగడదుంప కజ్జికాయలు. పాంప్లెమూస్ తోటలో పేద్ద తామరాకులుంటాయని మార్సెల్ చెప్పాడు, అందుకని అరిటాకుల్ని గుండ్రంగా కత్తిరించి, అంచులు పైకి మడిచి, వాటిలో పులిహోర పెట్టాను. తెర్ రూజ్ అంటే ఎర్రమట్టి, అక్కడ పెరట్లో కాసిన చిట్టి ఎర్రజామపళ్ళు. పోర్ లూయీలో సబ్జాగింజలు వేసిన చల్లటి పాలు, పళ్ళెంలో నీళ్ళు పోసి కాగితం పడవలు. మునుస్వామిగారి భార్య గౌరీదేవి పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని బస్సెక్కి, "ఎవరిదండీ ఈ ఆలోచన?" అంది. "నాదే," అన్నారు మా ఆయన. స్టీరింగు దగ్గర కూర్చుని ఉన్నారు. నేను మూడడుగుల దూరంలో గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. నన్ను చూశారు కూడా. చూసి, "ఇంట్లోవాళ్ళు కాస్త సాయం చేశారు," అన్నారు. ఒళ్ళు మండింది. గిన్నె మాత్రం జాగ్రత్తగానే దించాను, పులిహోర నేలపాలవుతుందని. బస్సులో మగవాళ్ళు ఆగస్టు ఓట్ల గురించి, మా దీవికి రాబోయే స్వాతంత్ర్యం గురించి మాట్లాడుకుంటున్నారు. "ఇకనైనా మన కాళ్ళ మీద మనం నిలబడాలి," అంటూ మా ఆయన ఖాళీ టీ గ్లాసు వెనక్కి చాచారు, ఎవరు అందుకుంటారో చూడకుండా.

తులసి మార్సెల్ టోపీ కళ్ళ మీదికి జారుతుంటే ఎగదోసుకుంటూ ఒక్కొక్కరి పేరూ కూడబలుక్కుని చదివి టికెట్లు ఇచ్చింది. అది నా శనివారం బడిలో పిల్లే. చదివిన ప్రతి పేరుకీ నాకు గర్వంగా ఉంది. చివరికి వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి చెయ్యి చాచింది. "అమ్మా, నీ టికెట్?" దాని చేతిలో టికెట్లు అయిపోయాయి. ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. బొమ్మకి కూడా రాశాను. నాకు రాసుకోలేదు. ఎవరో మర్చిపోతే కోపగించుకోవచ్చు. రాసింది నేనే! డ్రైవరు సీట్లోంచి మా ఆయన అందుకున్నారు. "మీ అమ్మకెందుకే టికెట్టు? వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వంటింట్లోకి. ఆ బస్సు ఫ్రీ!" అందరూ నవ్వారు. గౌరీదేవి కూడా. నేనూ నవ్వాను. ఆ నవ్వుకే నా మీద నాకు అసహ్యం పుట్టింది. ఆయన మాటకి కూడా అంత బాధ వేయలేదు.

పోర్ లూయీ వచ్చింది, పిల్లలు పాలు తాగారు, అందరూ దిగిపోయారు. మా అత్త ఒక్కతే దిగలేదు. కాగితం పడవలున్న పళ్ళెం వైపు చూస్తూ కూర్చుంది. "మా అమ్మ ఓడ దిగింది ఆ ఊళ్ళోనేనంట," అంది, ఎవరితోనో కాదు, నాతోనే. "నాను ఒక్కపాలి కూడా సూళ్ళేదే. రేపు రేపు అన్నాడు మీ మావ. ఆడే పోనాడు." తన టికెట్‌ని వక్కల సంచిలో దాచుకుంటూ, "ఇందులో ఏటి రాసినావు?" అంది. "నీ పేరే అత్తా. పోలమ్మ." ఆవిడ దాన్ని మళ్ళీ బయటికి తీసి, తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది. పదేళ్ళలో మొదటిసారి ఆవిడ పక్కన కూర్చోవాలనిపించింది. కూర్చున్నాను.

అతిథులు వెళ్ళేసరికి పొద్దు వాలింది. నేను గిన్నెలు పోగేస్తుంటే మా ఆయన హుషారుగా వచ్చారు. "గౌరీదేవిగారికి ఎంత నచ్చిందో! వచ్చే నెల వాళ్ళ చిన్నవాడి పుట్టినరోజుకి నువ్వే చేసిపెట్టాలట. సరే అనేశాను. రేపు పొద్దున్నే వాళ్ళింటికెళ్ళి మాట్లాడిరా." రేపు పొద్దున్నే. ఆయన మొహంలోకి చూశాను. కుట్ర ఏమీ లేదు. పాపం, నిజంగానే మర్చిపోయారు. అడ్డుపడితే వాదించేదాన్ని. మర్చిపోయిన మనిషితో ఏం వాదిస్తాను? ఆయన అనుమతిస్తారా అని వారం నుంచీ ఎదురు చూస్తున్నాను. ఆయన మనసులో అసలా ప్రశ్నే లేదు.

చేతులు కడుక్కుని లోపలికెళ్ళాను. ఒక అట్టముక్క మిగిలింది. సుద్దతో కాదు, సిరాతో రాసి తులసి చేతికిచ్చాను. అది టోపీ సర్దుకుని, తండ్రి పక్కనే నిలబడి, గట్టిగా చదివింది. "క... న్న... మ్మ. గుడ్‌ల్యాండ్స్ నుంచి పోర్ లూయీ." జడపిన్నుతో దానికి కన్నం పొడిచింది. "రానూ పోనూనా అమ్మా, పోనూ మాత్రమేనా?"

"రెండూ," అన్నాను. "సాయంత్రానికి వచ్చేస్తాను."

"ఆట ఇంకా అవలేదా?" అన్నారు మా ఆయన.

"అయిపోయింది. రేపు పది గంటలకి పోర్ లూయీలో నా పరీక్ష." రేడియో ఎత్తి ఉత్తరం తీసుకున్నాను.

"మరి గౌరీదేవిగారికి ఏం చెప్పను? మాటిచ్చేశాను కదా!"

"బస్సు ఆలోచన మీదేనన్నారుగా. ఇంకో వింత మీరే చెప్పండి. చేతనైన పనే కదా."

గొంతు పెంచలేదు నేను. ఆయన మా అత్త వైపు చూశారు, ఆవిడ ఏమైనా అంటుందేమోనని. ఆవిడ వక్క నముల్తూ, "పొయ్యి నాను సూత్తాలే," అంది నాతో. "ఓడలు కనబడితే మాత్రం బాగా సూసొచ్చి నాకు సెప్పాల."

సోమవారం ఏడింటికి నేను బస్సెక్కేసరికి, మా వాకిట్లో గోనెపట్టాల బస్సు ఇంకా అలాగే ఉంది. రాత్రి మంచుకి నీలం రంగు కారి మరకలు కట్టింది. మా ఆయన దాని ముందు బెంచీ మీద కూర్చుని, టీ ఎవరిస్తారా అని లోపలికి చూస్తున్నారు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. మార్సెల్ టికెట్ల కట్టతో వచ్చి, నన్ను చూసి, నా పక్క సీటు చూసి, వెనక సీట్లు కూడా చూశాడు. "మూసే రాలేదా, మాదాం? అయ్యగారు లేకుండా ఒక్కరేనా?"

"ఒక్కదాన్నే," అన్నాను. "ఆయన నడిపే బస్సు కదలదు, మార్సెల్. పదేళ్ళు కూర్చుని చూశాను."